ఇంజను వేడిని పారబోయకుడు



బావుల మీద ఆయిలు ఇంజనులు టపటప కొట్టుకొనుచుండిన కాలము మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. పంపు తోడిన నీటిలో కొంత సన్నని గొట్టము గుండా ఇంజను జాకెట్టులోనికి పోయి, దానిని చల్లబరచి, రెండవ ప్రక్క నుండి వెచ్చగా వచ్చి కాలువలో పడుచుండెడిది. మాఘమాసపు చలిలో తెల్లవారుజామున మడికి నీరు కట్టుటకు పోయినవారు ముందుగా ఆ గొట్టము క్రింద కాళ్లు చేతులు కడుగుకొని, ఆ తరువాతనే పార పట్టెడివారు. కొందరు స్నానము కూడ అక్కడనే కానిచ్చెడివారు. ఆ వేణ్ణీళ్లకు ఎవరును లెక్క వేయలేదు. కాని వానిని కాచినది మీరు డబ్బు పెట్టి కొన్న నూనెయే. ఆ నూనెలో నీరు తోడుటకు పనికివచ్చినది సుమారు నాలుగవ వంతు. తక్కిన మూడు వంతులు వేడియై కొంత కాలువలోనికి, కొంత పొగగొట్టము గుండా ఆకాశములోనికి పోయినది.

ఇది ఆ ఇంజను చేసిన వారి లోపము కాదు. నిప్పుతో నడచు యంత్రములన్నిటి స్వభావము అదియే. ఎంత మంచి చిన్న ఇంజనైనను కాల్చిన దానిలో నాలుగవ వంతునకు కొంచెము అటునిటుగా మాత్రమే చాకిరీగా మార్చగలదు. మిగిలిన వేడిని ఆపలేము. పట్టుకొని వాడుకొనుట మాత్రము మన చేతిలో ఉన్నది. ఒకే నిప్పుతో కరెంటును, పనికివచ్చు వేడిని కూడ తీయు ఈ పద్ధతికి ఇంగ్లీషులో కోజనరేషన్ అని పేరు. మనము జంట ఉత్పత్తి అనుకొందము.

చక్కెర మిల్లులలో ఇది క్రొత్త సంగతి కాదు. చెరకు పిప్పిని కాల్చి ఆవిరి పుట్టింతురు. ఆ ఆవిరి ముందు టర్బైనును త్రిప్పి కరెంటు ఇచ్చును. అక్కడ నుండి వెలువడిన ఆవిరికి బలము తగ్గినను వేడి ఇంకను మిగిలియుండుటచే, దానితో చెరకు రసమును మరగింతురు. పిప్పి ఒకటే, పనులు రెండు. మిల్లులో పెద్ద యెత్తున జరుగు ఈ పనిని ఒక ఇంటికి సరిపడునట్లు కుదించుట ఎట్లు? అట్లు కుదించినచో మన పాడి రైతుకు గిట్టునా, గిట్టదా? ఈ వ్యాసములో చూడబోవునది ఇదియే. గిట్టని వారికి గిట్టదనియే చెప్పెదను.

విదేశములలో ఇండ్లకు వచ్చిన యంత్రములు

1970 తరువాతి సంవత్సరములలో ఇటలీలో ఫియట్ కంపెనీ టోటెం అను యంత్రమును చేసినది. అందులోని ఇంజను ఆ కంపెనీ చిన్న కారుకు వాడిన 903 సి.సి. ఇంజనే. అది 15 కిలోవాట్ల కరెంటును, దానికి రెండింతలకు మించిన వేడిని ఇచ్చెడిది. పేడ గ్యాసుతో కూడ నడచునట్లు దానిని తయారుచేసిరి. జర్మనీలో 1996 నుండి డాక్స్ అను యంత్రము వచ్చినది. దాని కరెంటు 5.5 కిలోవాట్లు, వేడి 12.5 కిలోవాట్లు. ఇండ్ల నేలమాళిగలలో నూనెతోనో గ్యాసుతోనో నడచుచు, అది శీతకాలమంతయు గదులను వెచ్చబెట్టును.

జపానులో 2003లో హోండా వారి ఒక కిలోవాటు గ్యాసు ఇంజను ఇకోవిల్ అను పేరుతో గృహస్థుల పెరడులకు చేరినది. అది ఒక కిలోవాటు కరెంటుతో పాటు మూడు కిలోవాట్లకు పైగా వేడిని స్నానపు తొట్టి నీటికి అందించెడిది. జపాను వారికి ప్రతి రాత్రి తొట్టి నిండ వేడినీరు కావలెను గదా! దాని అమ్మకము 2017లో ఆపివేసిరి. 2009 నుండి ఇంజనుకు బదులు ఫ్యూయల్ సెల్లు గల ఎనె-ఫార్మ్ యంత్రములు అక్కడ ఇండ్లలో పెట్టుచున్నారు.

ఇన్నిటిలో మీరు గమనింపవలసినది ఒకటే. ఆయా దేశములలో ఈ యంత్రములకు గిరాకి తెచ్చినది వేడి. నెలల తరబడి ఇల్లు వెచ్చగా ఉండవలసిన చోట, వేడికై ఎట్లును తగులబెట్టు గ్యాసుతోనే కొంత కరెంటు కూడ వచ్చుచున్నదని వారు సంతోషించుచున్నారు. మనము ఆలోచన తలక్రిందులు చేసి, కరెంటు కొరకు ఇంజను కొని, వేడిని మరచిపోవుదుము. చెడిపోవునది అక్కడనే.

నేను చూచిన ఒక పాడిలో ఇట్లే జరిగినది. పెద్ద గ్యాసు ప్లాంటు, దానికి ఇంజను, జనరేటరు అన్నియు అమర్చిరి. కరెంటు వచ్చినది, ఊరివారు వచ్చి చూచి పోయిరి. ఇంజను వెనుక రేడియేటరు ఫ్యాను వేడిగాలిని గోడకు కొట్టుచుండగా, అదే గోడకు అవతల ఆ ఇంటి ఇల్లాలు పాల బిందెలు కడుగుటకు కట్టెలు ఊదుకొనుచుండెను! రెండేండ్ల తరువాత నేను పోయి చూచునప్పటికి ఇంజను మీద కోళ్లు గ్రుడ్లు పెట్టుచున్నవి. కరెంటు ఒక్కటే ఆ ఇంజను ఖర్చును మోయలేకపోయినది.

పది గేదెల లెక్క

ఇప్పుడు మన ఇంటి లెక్కకు వత్తము. కొట్టములో కట్టివేసిన గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేయును. పది గేదెలకు 150 కిలోలు. కిలో పచ్చి పేడ నుండి సుమారు 40 లీటర్ల గ్యాసు వచ్చును, అనగా 25 కిలోలకు ఒక ఘనపు మీటరు. ఈ లెక్కన రోజుకు 6 ఘనపు మీటర్లు. అయిదారుగురు గల కుటుంబమునకు వంటకు 2 ఘనపు మీటర్లు చాలును. మిగిలినవి 4.

ఈ నాలుగింటిని ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఒక ఘనపు మీటరు పేడ గ్యాసులో సుమారు 4,800 కిలోకాలరీల వేడి ఉండును. నాలుగింటిలో 19,200. వీనిని చిన్న ఇంజనులో కాల్చినచో సుమారు 5 యూనిట్ల కరెంటు వచ్చును. యూనిటుకు 860 కిలోకాలరీల చొప్పున అది 4,300 మాత్రమే. మరి యొక 9,600 కిలోకాలరీలను జాకెట్టు నీటి నుండియు, పొగగొట్టము నుండియు పట్టుకొనవచ్చును. తక్కినది పోవును, దానికి చేయగలిగినది లేదు.

9,600 కిలోకాలరీలు అనిన మీ కంటికి ఏమియు కనబడదు. ఇట్లు చూడుడు. 200 లీటర్ల డ్రమ్ము నిండ 25 డిగ్రీల బావి నీరు పోసినచో, ఆ వేడితో అది 70 డిగ్రీలకు కాగును. దారిలో పోవుదానికి కూడ కొంత మిగులును. ఇదే డ్రమ్మును మూడు రాళ్ల పొయ్యి మీద కాచినచో సుమారు 20 కిలోల కట్టెలు కాలును. అవి ఏరుకొని వచ్చు శ్రమ, ఊదునప్పుడు కండ్లలోనికి పోవు పొగ వేరే.

కొందరు తెలివిగా, "అంత గ్యాసు పొయ్యిలోనే పెట్టి నీరు కాచిన పోదా, ఇంజను దేనికి?" అని అడుగుదురు. మంచి ప్రశ్న. అదే 4 ఘనపు మీటర్లను గ్యాసు పొయ్యి మీద వాడినచో సుమారు 230 లీటర్లు కాగును. ఇంజను దారిలో 200 లీటర్లు. వేడినీరు ఇంచుమించు సమానమే. కాని ఇంజను దారిలో 5 యూనిట్ల కరెంటు అదనముగా వచ్చినది. మీకు ఆ వేడినీరు నిజముగా కావలసియున్నచో, ఆ 5 యూనిట్లు దాదాపు ఉచితముగా వచ్చినట్లే.

వేడినీరు అక్కరలేదనుకొందము. అప్పుడు లెక్క పూర్తిగా మారును. ఒక ఘనపు మీటరు పేడ గ్యాసు వంటలో సుమారు 430 నుండి 450 గ్రాముల సిలిండరు గ్యాసు పని చేయును. నాలుగు ఘనపు మీటర్లు సుమారు ఒకటిముప్పావు కిలోలకు సమము. అనగా ఎనిమిది రోజులలో 14.2 కిలోల సిలిండరు ఒకటి! ఒకవైపు మీ ఊరిలో సిలిండరు ధరను, మరొకవైపు ఎనిమిది రోజుల 40 యూనిట్ల కరెంటు ధరను వ్రాసి, మీరే పోల్చి చూడుడు. చాల చోట్ల సిలిండరే బరువు తూగును. అట్టి ఇంట ఇంజను పెట్టుకొనుట కంటె, మిగులు గ్యాసును గొట్టము వేసి అన్నదమ్ముల ఇంటికో, ఇరుగు పొరుగు వంటింటికో ఇచ్చుట లాభము.

కావున వరుస ఇది. మొదట వంట. తరువాత మీరు రోజూ కట్టెలతో కాచు వేడినీరు. ఆ వేడినీటి పని పెద్దదైనప్పుడే ఇంజను.

ఎవరు కొనవలెను, ఎవరు కొనరాదు

రెండు గేదెలున్న ఇంటివారు ఈ ఆలోచన పెట్టుకొనరాదు. మీ పేడ మీ వంటకే సరిగా సరిపోవును. బావి మోటారు త్రిప్పుకొనుటకని ఇంజను కొనదలచిన వారును ఆగవలెను. వ్యవసాయపు మోటార్లకు 2004 నుండి ఉచిత విద్యుత్తు వచ్చుచుండగా, ఖర్చు పెట్టి తయారుచేసిన కరెంటును ఆ పనికి వాడుట తెలివి కాదు.

పాలు అమ్ముకొను ఇంటి సంగతి వేరు. వేడియు, చలువయు ఒకేసారి కావలసిన చోటు అదియే. తెల్లవారుజామున పాలు పితుకు వేళకు పొదుగులు కడుగుటకు గోరువెచ్చని నీరు కావలెను. బిందెలు, క్యానులు, పాల యంత్రపు గొట్టములు కడుగుటకు బాగుగా కాగిన నీరు కావలెను. అదే గంటలో పితికిన పాలను చల్లబరచవలెను. ఆ వేళకు కరెంటు పోయినచో పాలు పులిసి, సేకరణ కేంద్రము నుండి తిరిగి ఇంటికి వచ్చును. ఆ రోజు మేత డబ్బు కూడ రాదు. 60 లీటర్ల పాలను 4 డిగ్రీలకు దింపుటకు సుమారు ఒకటి నుండి ఒకటిన్నర యూనిటు చాలును. మిగిలిన దానితో గడ్డి కత్తిరించు యంత్రము ఆడును, కొట్టములో దీపములు వెలుగును. ఇంజను పొద్దున ఒక గంటంపావు, సాయంత్రము ఒక గంటంపావు రెండు కిలోవాట్ల బరువుతో నడచినచో 5 యూనిట్లును, రెండు పూటలకు నూరేసి లీటర్ల వేడినీరును చేతికి వచ్చును. గ్యాసు డ్రమ్ములో ఒక రోజు గ్యాసంతయు నిలువ ఉండదు. కావున రెండు పూటల పద్ధతి ప్లాంటుకు కూడ అనుకూలమే.

వేడినీటికి ఇంకొక మంచి పని కలదు, దానిని చాలమంది తలంపరు. చలికాలములో గ్యాసు తగ్గిపోయినదని మీరు మొరపెట్టుకొనుచుందురు. పేడను గ్యాసుగా మార్చు సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి ఇష్టము. 20కి దిగినచో అవి మందగించును. 10 డిగ్రీలలో దాదాపు పని మానును. లంబసింగి, అరకు వంటి మన్యపు ఊళ్లలోను, ఆదిలాబాదు వైపునను డిసెంబరు, జనవరి నెలలలో ఇది బాగుగా తెలియును. పది గేదెల పేడకు అంతే నీరు కలిపిన 300 లీటర్ల మడ్డిని పది డిగ్రీలు వెచ్చబెట్టుటకు 3,000 కిలోకాలరీలు, అనగా మీ డ్రమ్ములో మూడవ వంతు నీరు సరిపోవును. చన్నీళ్లలో ముందు కలిపి, ఆ చన్నీరు, వేడినీరు కలిసి గోరువెచ్చగా అయిన తరువాతనే పేడలో పోయవలెను. కాగిన నీటిని నేరుగా పేడ మీద గ్రుమ్మరించినచో పని చేయవలసిన జీవులే చచ్చును. మధ్యాహ్నపు ఎండ వేళ మడ్డి పోయుట, ప్లాంటు చుట్టు గడ్డి, ఊక కట్టుట కూడ మరువరాదు. ఇవి ఇంజను లేనివారికి కూడ పనికివచ్చును, ఖర్చును లేదు.

కోడిపిల్లలు పెంచువారికి సంగతి మరింత అనుకూలము. మొదటి వారము పిల్లలకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గించుకొనుచు పోవచ్చును. 70 డిగ్రీల నీటితో నిండిన 200 లీటర్ల డ్రమ్ము, దాని నుండి పిల్లల గూటి నేల మీదుగా తిరుగు గొట్టము అమర్చినచో, రాత్రి పది గంటలలో ఆ నీరు 45 డిగ్రీలకు దిగునప్పటికి 5,000 కిలోకాలరీలు ఇచ్చును. నూరు వాట్ల బల్బులు అయిదారు రాత్రంతయు వెలిగినంత వేడి అది. పిల్లకు రెండు వాట్ల చొప్పున సుమారు 250 పిల్లలకు వచ్చును. నడిరాత్రి కరెంటు పోయి, బల్బులు ఆరి, తెల్లవారునప్పటికి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి చచ్చుట చూచినవారికి ఈ డ్రమ్ము విలువ చెప్పనక్కరలేదు.

ఏ పనికి పనికిరాదో కూడ చెప్పవలెను. పసుపు ఉడకబెట్టుటకు ఇది చాలదు. జాకెట్టు నీరు 75, 80 డిగ్రీలకు మించి పోరాదు, పసుపునకు మరుగుచున్న నీరు కావలెను. బెల్లపు వంట సంగతి తలపనే వద్దు. మిరపకాయలు ఎండబెట్టుటకు ఈ వేడి సరిపోవును గాని, గుంటూరు కల్లములలో ఫిబ్రవరి, మార్చి ఎండ ఊరకనే దొరకుచుండగా ఇంజను వేడిని అక్కడికి మోసుకొనిపోవు రైతును నేను మెచ్చుకొనలేను.

అమర్చు విధము

ముందుగా ఇంజను. గాలితో చల్లబడు ఇంజను మన పనికి రాదు, దాని వేడిని పట్టుట కష్టము. నీటితో చల్లబడునదియే కావలెను. ఇందులో రెండు రకములు కలవు. డీసెలు ఇంజనుకు గాలి పోవు దారిలో గ్యాసు కలిపి నడుపుట ఒకటి. ఇందులో అయిదింట నాలుగు వంతుల డీసెలు మిగులును. తక్కిన ఒక వంతు మాత్రము పోయుచునే యుండవలెను, ఏలయనగా గ్యాసును అంటించునది ఆ డీసెలు తుంపరయే. గ్యాసు తక్కువైన రోజున ఇది పూర్తిగా డీసెలుతో కూడ నడచును. రెండవది స్పార్కు ప్లగ్గుతో గ్యాసు మీదనే నడచు ఇంజను. డీసెలు ఖర్చు లేదు, కాని గ్యాసు లేనిచో ఆగిపోవును. పేడ సమృద్ధిగా ఉన్నవారికి రెండవది, ఆటుపోటులు ఉన్నవారికి మొదటిది నా సలహా. బరువు తక్కువ పెట్టి పెద్ద ఇంజను నడిపిన కొలది మొదటి రకములో డీసెలు పాలు పెరుగును. కావున అవసరమునకు మించిన ఇంజను కొనకుడు.

బావి నీటిని నేరుగా జాకెట్టులోనికి పంపి వేడి చేసి వాడుకొను పాత పద్ధతి వద్దు. నల్లగొండ, ప్రకాశము జిల్లాల వంటి చోట్ల బావి నీటిలో సున్నము ఎక్కువ. కొన్ని నెలలలో జాకెట్టు లోపల గార కట్టి, ఇంజను వేడెక్కి బిగిసిపోవును. జాకెట్టులో తిరుగు నీరు వేరుగా, ఒకే నీరు మరల మరల తిరుగునట్లు ఉండవలెను. అది రాగి గొట్టపు చుట్టగా డ్రమ్ములో మునిగి, తన వేడిని డ్రమ్ము నీటికి ఇచ్చి తిరిగి ఇంజనుకు రావలెను. డ్రమ్మును ఇంజను కంటె ఎత్తున పెట్టినచో వేడినీరు తనంతట పైకి పోయి, చల్లనిది క్రిందికి దిగును. పంపు అక్కరలేదు. డ్రమ్ము చుట్టు మందముగా వరి ఊకనో, పాత గోనెలనో కట్టి రేకు చుట్టుడు. ఈ చిన్న పని చేయనిచో సాయంత్రము కాచిన నీరు తెల్లవారునప్పటికి చల్లారిపోవును.

జాకెట్టు వేడి మాత్రమే తీసికొన్నచో పైన చెప్పిన దానిలో సుమారు సగము, అనగా నూరు లీటర్లు వచ్చును. తక్కిన సగము పొగగొట్టములో ఉన్నది. సైలెన్సరు చుట్టు నీటి తొడుగు వేసి దానిని తీయవచ్చును గాని, మొదటి సంవత్సరము జాకెట్టుతోనే సరిపెట్టుకొనుట మేలు. పొగను మరీ చల్లబరచినచో అందులోని గంధకము తడితో కలిసి ఆమ్లమై గొట్టమును తినివేయును.

ఆ గంధకమే అసలు శత్రువు. పేడ గ్యాసులో కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టునది అదియే. పొయ్యికి అంతగా హాని చేయదు గాని, ఇంజను బేరింగులను, నూనెను పాడుచేయును. దీనికి ఖరీదైన మందు అక్కరలేదు. లేతు మిషను దగ్గర ఊడ్చి పారవేయు ఇనుప తురుమును తెచ్చి, తడిపి త్రుప్పు పట్టించి, గొట్టములో నింపి, గ్యాసును దాని గుండా పంపవలెను. త్రుప్పు ఎర్రగా ఉన్నంత వరకు గంధకమును పట్టును. నల్లబడినప్పుడు తీసి బయలున పలుచగా పరచి, నీరు చిలకరించినచో గాలికి మరల ఎర్రనగును. అప్పుడు అది వేడెక్కును గనుక గడ్డివాము దగ్గర ఆరబెట్టరాదు. గ్యాసు గొట్టము పల్లపు చోట నీటి బొట్లు దిగుటకు ఒక తూము పెట్టుడు. ఇంజను నూనెను డీసెలుతో నడుపునప్పటి కంటె త్వరగా మార్చుడు.

ప్రాణము మీదికి తెచ్చునవి

ఇంజను వేడి మంచిదే గాని దాని పొగ విషము. అందులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. పొగగొట్టమును కోడిపిల్లల గదిలోనికి త్రిప్పి వెచ్చబెట్టుదమని కొందరికి బుద్ధి పుట్టును. పిల్లలు చచ్చుటయే గాక చూడబోయిన మనిషియు పడిపోవును. నీటి ద్వారా మాత్రమే వేడిని ఇంటిలోనికి తేవలెను. ఇంజను వేరుగా, నాలుగు ప్రక్కల గాలి ఆడు పాకలో ఉండవలెను. గ్యాసు డ్రమ్ము దగ్గర ఇంజను పెట్టరాదు, చుట్ట బీడీ కాల్చరాదు.

రెండవది లైన్‌మ్యాను ప్రాణము. కరెంటు పోయినప్పుడు మీ జనరేటరును ఇంటి తీగలకు తగిలించి ఊరకొన్నచో, మీ కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మరు గుండా ఎక్కి, స్తంభము మీది తీగకు పెద్ద వోల్టేజీగా చేరును. అక్కడ కరెంటు లేదను ధైర్యముతో తీగ పట్టుకొన్న మనిషి ఉండవచ్చును. కావున జనరేటరునకును, ఊరి లైనునకును మధ్య అటో ఇటో ఒక్క దానికే తగులు ఛేంజోవరు స్విచ్చి లేనిదే ఒక్క దీపము కూడ వెలిగింపరాదు. దీనిని మీరు స్వయముగా చేయక, లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత పెట్టించుడు.

పూరా గ్రామపు సంగతి

పేడతో కరెంటు అనునది కాగితము మీది మాట కాదని తెలియుటకు కర్నాటకలోని పూరా గ్రామమును చెప్పుదురు. తుమకూరు జిల్లాలోని ఆ ఊరిలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారి ఆస్ట్రా విభాగము ఊరుమ్మడి గ్యాసు ప్లాంటు పెట్టినది. ఊరందరి వంటకు ఆ పేడ చాలలేదు. అప్పుడు వారు ఆలోచన మార్చి, 1987 నుండి ఆ గ్యాసుతో డీసెలు ఇంజను నడిపి, ఇండ్లకు దీపములును, త్రాగునీటికి పంపును ఇచ్చిరి. కట్టెల పొయ్యి మానలేకపోయినను, వాకిటిలోనికి నీరు వచ్చినందుకు ఆ ఊరి స్త్రీలకు నీటి మోత తప్పినది. మడ్డి ఎరువు తిరిగి ఎవరి పేడకు తగినట్లు వారికి చేరినది.

నేను పైన చెప్పిన వరుసకు ఇది విరుద్ధముగా కనబడును. వంట ముందు అంటిని గదా! కాని ఊరందరి వంటకు చాలని గ్యాసు ఊరందరి దీపములకు చాలినది. పేడ కొద్దిగానుండి, పంచుకొనువారు ఎక్కువైన చోట లెక్క అట్లు తిరుగును. ఒక ఇంటి లెక్కను ఊరి మీద, ఊరి లెక్కను ఇంటి మీద రుద్దరాదు. ఎట్లు వాడినను పేడలోని నత్రజని మాత్రము మడ్డిలోనే నిలుచును, గ్యాసు తీసినందున ఎరువునకు నష్టము లేదు.

కొనుటకు ముందు ఒక వారము

దుకాణమునకు పోవుటకు ముందు గోడ మీద ఒక క్యాలెండరు తగిలించి, ఒక వారము ఈ లెక్కలు వ్రాయుడు. రోజూ ఎన్ని గంపల పేడ వచ్చినది, గంప బరువెంత. వంటకు గ్యాసు పొయ్యి ఎన్ని గంటలు వెలిగినది. నీరు కాచుటకు ఎన్ని కిలోల కట్టెలు కాలినవి, ఆ నీరు ఎన్ని బిందెలు, ఏ వేళకు కావలసివచ్చినది. కరెంటు ఎన్ని సారులు, ఏ వేళలో పోయినది, దానివలన పాలు ఏమైనను చెడినవా. ఈ లెక్క ఇంటి మగవారు ఊహించి వ్రాసినచో ఉపయోగము లేదు. నీరు కాచువారిని, బిందెలు తోమువారిని అడిగి వ్రాయుడు.

వారము చివర చూచినప్పుడు వేడినీరు రోజుకు నూరు లీటర్లు దాటక, పేడ నూరు కిలోలు దాటక ఉన్నచో ఇంజను సంగతి విడిచి, మంచి గ్యాసు పొయ్యి కొనుక్కొనుడు. రెండును దాటి, పాలు పితుకు వేళకు కరెంటు పోవుట మీ ఊరిలో మామూలైనచో, ఆ కాగితము పట్టుకొని మీ మండల వ్యవసాయాధికారి దగ్గరకు రండి. ఇంజను ధర, మరమ్మతు, నూనె ఖర్చు దాని ప్రక్కన వ్రాసి, ఎన్ని ఏండ్లలో తిరిగి వచ్చునో కలిసి లెక్క చూడవచ్చును.